తుప్పు తుడవడం ఎక్కడ ఆపాలి? పాత లివర్ రైఫిళ్ల పునరుద్ధరణపై ఒక సమీక్ష

అమెరికాలో పాత ఇళ్ల అటకల మీద, పశువుల కొట్టాల్లో, పొలం పనిముట్ల గదుల్లో లివర్-యాక్షన్ రైఫిళ్లు ఇప్పటికీ బయటపడుతూ ఉంటాయి. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప వలయాన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే పేలిన తూటా తొడుగు బయటికి ఎగిరి, కొత్త తూటా గొట్టంలోకి చేరే తుపాకీ ఇది. కౌబాయ్ సినిమాలు చూసిన తెలుగువారికి పేరు తెలియకపోయినా దాని రూపం తెలుసు. దొరికినవాటిలో చాలావాటి పరిస్థితి దయనీయంగా ఉంటుంది. గొట్టం మీద తుప్పు, మెడ దగ్గర చీలిన కొయ్య పిడి, విరిగిన స్ప్రింగ్, సరిపోని స్క్రూడ్రైవర్‌తో ఎవరో చిదిమేసిన మరలు. ఇంట్లో ఒక బల్ల, ఒక బెంచ్ వైస్, నాలుగు ఆకురాళ్లు ఉన్న మనిషికి దాన్ని చూడగానే బాగుచేయాలనిపిస్తుంది.

బాగుచేయడమంటే ఏమిటన్న దానిమీదే వాదమంతా. మ్యూజియం వాళ్లు ఒకటి చెబుతారు, సేకర్తలు ఇంకొకటి చెబుతారు, వేటగాళ్లు మూడోది చెబుతారు. గత పదిహేనేళ్లలో పునరుద్ధరణ వీడియోలు వెల్లువెత్తి చిక్కును మరింత పెంచాయి. తుప్పు ముద్దను అద్దంలా మెరిపించి చూపడం వాటిలో ఒక వినోదమైంది. ఆ మెరుపు కింద ఏం పోయిందో చెప్పేవారు తక్కువ. అందుకే ఈ వాదాన్ని మొదటినుంచి విడదీసి చూడాల్సిన అవసరం ఉంది.

రైఫిల్ పుట్టుక, పాడయ్యే తీరు

1860 అక్టోబరులో బెంజమిన్ టైలర్ హెన్రీకి దక్కిన పేటెంటుతో ఈ తరహా రైఫిల్ నిలదొక్కుకుంది. హెన్రీ రైఫిళ్లు సుమారు 14,000 తయారయ్యాయి. వాటి పెట్టుబడిదారు ఆలివర్ వించెస్టర్ పేరుతో 1866లో ఇత్తడి రంగు రిసీవర్ ఉన్న మోడల్ వచ్చింది. తూటాలను నడిపే యంత్రాంగం ఇమిడి ఉండే నడిమి పెట్టెనే రిసీవర్ అంటారు. తర్వాత 1873 మోడల్ .44-40 తూటాతో వచ్చి ఏడు లక్షలకు పైగా అమ్ముడైంది. ఈ మూడింటిలోనూ తూటా వెనక తలుపును పట్టి ఉంచేది మోకాలి కీలులా మడిచే లింకుల జత. 1886 నుంచి జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపకల్పనలతో లోహపు దిమ్మెలు నిలువుగా లేచి తాళం వేసే పద్ధతి వచ్చింది. అది ఎంతో బలమైనది. 1894 మోడల్‌కు మరుసటి ఏడాది పొగరాని మందుతో పనిచేసే .30-30 తూటా తోడైంది. న్యూ హేవెన్ కర్మాగారం 2006లో మూతపడేలోగా ఆ ఒక్క మోడలే 70 లక్షలకు పైగా తయారైంది. మార్లిన్, శావేజ్ వంటి పోటీదారుల రైఫిళ్లు దీనికి అదనం.

చరిత్ర ఇక్కడ అలంకారం కాదు. ఏ రైఫిల్ ఎలా పాడవుతుందో, దానికి ఏం చేయవచ్చో తేల్చేది ఈ వరసే. పాత నల్ల తుపాకీ మందు మసి తేమను పీల్చి గొట్టం లోపల గుంటలు పెడుతుంది. ఆనాటి తూటాల అడుగున ఉండే ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేటు పేలాక ఉప్పుగా మిగిలి, గొట్టాన్ని రాత్రికి రాత్రే తినడం మొదలుపెట్టేది. పొగరాని మందు వచ్చాక పరిస్థితి మరింత దిగజారింది. పాత మసి ఆ ఉప్పును కొంతైనా పలుచన చేసేది, కొత్త మందుకు ఆ మసి లేదు. తుప్పు పట్టించని ప్రైమర్లు 1920ల చివరిదాకా అమెరికా మార్కెట్లోకి రాలేదు. అంతకుముందు విపరీతంగా కాల్చిన రైఫిల్ గొట్టం లోపల శుభ్రంగా ఉందంటే దాని యజమాని ఒళ్లు దాచుకోని మనిషన్నమాట.

వాదం ఎలా ముదిరింది

మొదట్లో వాదమే లేదు. పాతబడిన రైఫిల్ పనిముట్టు. విరిగితే మరమ్మతు చేసేవారు, రంగు పోతే మళ్లీ వేయించేవారు. 1930లలో వేడి లవణాల తొట్టెలో ముంచి నీలినలుపు పూత పట్టించే పద్ధతి చవకై, చిన్న దుకాణాలకూ అందింది. 1936లో ఆర్. హెచ్. ఆంజియర్ పూతల మీద సూత్రాలన్నీ పోగేసి పుస్తకం వేశాడు. 1939లో అయోవాలో మొదలైన బ్రౌనెల్స్ సంస్థ తుపాకీ మరమ్మతుదారుల సరుకులను తపాలా ద్వారా అమ్మి, ఈ పనిని ఇంటి గ్యారేజీల దాకా తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి రెండు దశాబ్దాల్లో వేలకొద్దీ పాత వించెస్టర్లు బఫింగ్ చక్రం కింద పడి, అంచులు గుండ్రబడి, అక్షరాలు సగం చెరిగి, నిగనిగలాడుతూ బయటికి వచ్చాయి.

మలుపు సినిమాతో వచ్చింది. 1950లో జేమ్స్ స్టూవర్ట్ నటించిన ‘వించెస్టర్ 73’ ప్రచారంలో భాగంగా యూనివర్సల్ స్టూడియో, ‘వన్ ఆఫ్ వన్ థౌజండ్’ అని చెక్కి అమ్మిన 1873 మోడళ్ల కోసం దేశమంతా వెతికించింది. కర్మాగారంలో పరీక్షించినప్పుడు అసాధారణంగా గురి కుదిరిన గొట్టాలకు ఆ గుర్తు ఇచ్చేవారు. 130కి కొద్దిగా పైబడి మాత్రమే తయారైన ఆ రైఫిళ్ల ధర ఒక్కసారిగా పెరిగింది. ధరతోపాటు నకిలీలూ పుట్టాయి. 1961లో జార్జ్ మాడిస్ ‘ది వించెస్టర్ బుక్’ వెలువరించాక, ఏ సంవత్సరపు రైఫిల్‌కు ఏ పూత, ఏ మర, ఏ అక్షరమన్నది సేకర్త చేతికి అందింది. అప్పటినుంచి మళ్లీ పూత వేసిన రైఫిల్‌ను అనుమానంగా చూడడం మొదలైంది.

1964లో రెండు సంఘటనలు ఒకదానికొకటి సంబంధం లేకుండా జరిగాయి. వించెస్టర్ తన రైఫిళ్లను చవకగా తయారుచేసే పద్ధతులకు మారింది. దాంతో ‘అరవైనాలుగుకు ముందువి’ అన్న విభజన ఏర్పడి పాతవాటి విలువ ఇంకా పెరిగింది. అదే ఏడాది వెనిస్‌లో సమావేశమైన పరిరక్షకులు, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్న సూత్రాన్ని కట్టడాల కోసం ఆమోదించారు. ఆ సూత్రం క్రమంగా మ్యూజియం ఆయుధశాలలకూ చేరింది. నేటి వాదానికి రెండు కాళ్లు ఇవే: సేకర్తల మార్కెట్ ఒకటి, పరిరక్షణ నీతి ఇంకొకటి. రెండూ చాలాసార్లు ఒకే మాట చెబుతాయి గానీ కారణాలు వేరు. ఆ తేడాను మరిచిపోవడమే సగం గొడవకు మూలం.

చెరపవద్దనేవారు

ఈ పక్షానికి నెవాడా రాష్ట్రం కంటే మంచి సాక్ష్యం లేదు. 2014 నవంబరులో గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కు పురావస్తు సిబ్బందికి ఒక జునిపర్ చెట్టుకు ఆనించిన 1873 మోడల్ వించెస్టర్ కనిపించింది. కొయ్య బూడిదరంగుకు తిరిగి పగుళ్లు బారింది, పిడి అడుగు కొన్ని అంగుళాలు మట్టిలో పూడిపోయింది. దాన్ని వయోమింగ్‌లోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియానికి తీసుకెళ్లారు. సీరియల్ నంబరును కర్మాగారపు రికార్డులతో పోల్చితే తయారీ ఏడాది 1882 అని తేలింది. ఎక్స్‌రే తీస్తే పిడిలోని అరలో ఒక తూటా బయటపడింది. పరిరక్షకులు కొయ్య ఇంకా రాలిపోకుండా గట్టిపరిచి అంతటితో ఆపేశారు. తుప్పు గీకలేదు, పగుళ్లు పూడ్చలేదు. చెట్టుకు ఆనుకుని నిలబడ్డ ఆ స్థితే దాని చరిత్ర. అది చెరిగిపోతే మిగిలేది ఆ ఏడాది తయారైన వేలాది రైఫిళ్లలో మరొకటి మాత్రమే.

రెండో సాక్ష్యం ఇంకా లోతైనది. 1876 జూన్‌లో మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయన్ ఆదివాసులతో జరిగిన పోరులో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం నాశనమైంది. 1983లో అక్కడ గడ్డి తగలబడి నేల తెరుచుకోవడంతో, మరుసటి ఏడాది నుంచి డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ నేతృత్వంలో తవ్వకాలు జరిగాయి. దొరికిన తూటా తొడుగుల మీద ఫైరింగ్ పిన్ గుచ్చిన గుర్తులనూ, తొడుగును లాగే కొక్కెం గీతలనూ సూక్ష్మదర్శిని కింద పోల్చారు. ఏ తుపాకీ ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో గీయగలిగారు. లకోటా, షయన్ యోధుల దగ్గర హెన్రీ, వించెస్టర్ రైఫిళ్లు బాగానే ఉన్నాయనీ, సైనికుల చేతుల్లో ఒక్కొక్క తూటా నింపుకునే స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు ఉన్నాయనీ నేల చెప్పిన సాక్ష్యంతో రుజువైంది. తర్వాత ప్రైవేటు సేకరణల్లోని కొన్ని పాత తుపాకులను పరీక్షించి యుద్ధభూమి తొడుగులతో సరిచూశారు. అరిగిన ఫైరింగ్ పిన్ తీసేసి కొత్తది పెట్టిన రైఫిల్ ఆ పరీక్షకు పనికిరాదు. గ్యారేజీలో చెత్తబుట్టలో పడే చిన్న ఇనుప పుల్లకు ఇంత విలువ ఉండవచ్చు.

మైదాన ప్రాంతాల ఆదివాసులు వాడిన 1866 మోడళ్లు చాలా మ్యూజియాల్లో కనిపిస్తాయి. విరిగిన పిడి మెడకు పచ్చితోలు తడిపి చుట్టి, ఎండాక బిగిసేలా చేసిన కట్లు, కొయ్యలో వరుసగా దిగ్గొట్టిన ఇత్తడి మేకులు వాటి మీద ఉంటాయి. కర్మాగారపు దృష్టితో చూస్తే అవన్నీ లోపాలు. మనిషి దృష్టితో చూస్తే ఆ రైఫిల్ మీద ఉన్న అత్యంత విలువైన పని అదే. పాత మరమ్మతును కూడా నష్టంగా లెక్కవేసి ఊడబీకే అలవాటు అన్నిటికంటే బాధ కలిగించేది. ఎవరో తమ బతుకు కోసం చేసుకున్న పనిని, పుట్టినరోజు నాటి స్థితి పేరుతో తుడిచేయడం అన్యాయం.

సేకర్తలూ ఇదే పక్షాన నిలుస్తారు, అంకెల భాషలో. అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత తుపాకుల స్థితికి పెట్టిన కొలమానం ప్రకారం, అసలు భాగాలన్నీ ఉండి మొదటి పూత 80 శాతానికి పైగా మిగిలితే ‘ఎక్సలెంట్’, 30 శాతానికి పైగా మిగిలితే ‘ఫైన్’. పూత అసలే మిగలకపోయినా భాగాలన్నీ అసలువైతే ‘వెరీ గుడ్’ దక్కుతుంది. గీకి శుభ్రం చేసినది, మళ్లీ పూత వేసినది అంతకంటే కింది మెట్టుకు జారుతుంది. నిజాయితీగా అరిగిన రైఫిల్ కొత్తగా మెరిసే రైఫిల్‌కు పైన ఉంటుందన్నమాట. ఇంటి పనివాడు పని మొదలుపెట్టేముందు తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇది.

కొత్తదానిలా చేయాలనేవారు

ఎదుటి పక్షాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్‌లో డగ్ టర్న్‌బుల్ సంస్థ దశాబ్దాలుగా చేస్తున్న పని వీరి వాదానికి ఆధారం. ఎముకల బొగ్గు, కొయ్య బొగ్గు కలిపిన పెట్టెలో ఇనుప భాగాలను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పైపొర గట్టిపడి నీలం, గోధుమ, బూడిద రంగులు మబ్బుల్లా తేలుతాయి. 1886 మోడల్ రిసీవర్లు తొలి ఏళ్లలో కర్మాగారం నుంచి అలాగే వచ్చేవి. ఈ కళ దాదాపు మరుగునపడ్డ దశలో దాన్ని తిరిగి నేర్చుకున్నది పునరుద్ధరణకారులే. అక్షరాలు మళ్లీ చెక్కడం, అంచులు మళ్లీ పదునుగా తీయడం, కొయ్య మీద గళ్ల చెక్కడాన్ని పాత లెక్కకే తిరిగి తీయడం అన్నీ గొప్ప చేతిపనులే.

వీరి ప్రధాన ప్రశ్న న్యాయమైనది. మొదటి పూత ఒక్క శాతం కూడా లేదు, 1950లలో ఎవరో బఫింగ్ చక్రంతో నాశనం చేశారు, గొట్టాన్ని రంపంతో కోశారు. అలాంటి రైఫిల్‌లో కాపాడాల్సిన సాక్ష్యం ఏం మిగిలింది? ఆ నాశనాన్ని చరిత్ర అని పూజించాలా? నా దృష్టిలో ఇక్కడ పునరుద్ధరణ పక్షం గెలుస్తుంది. చెడిపోయిన పూత మీద మంచి పూత వేయడం వల్ల కొత్తగా పోయేది ఏమీ లేదు, పని బాగా చేస్తే చాలు. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఇరవై ఏళ్లు వాడాక పునరుద్ధరించిన పూత కూడా అందంగా అరుగుతుంది. మూడో చేతికి మారేసరికి అది అసలు పూతే అని అమ్ముడుపోతుంది. పని ఎంత బాగుంటే మోసానికి అంత వీలు. తప్పు పనివాడిది కాదు, కానీ పనివాడు దాన్ని ముందే ఊహించగలడు.

కాల్చడానికే తుపాకీ అనేవారు

మూడో పక్షానికి మెరుపూ అక్కర్లేదు, పాతదనమూ అక్కర్లేదు. లివర్ సాఫీగా కదలాలి, తూటా గురికి తగలాలి. తాత వాడిన రైఫిల్‌తో మనవడు జింక వేటకు వెళ్లాలన్న కోరిక పెన్సిల్వేనియా, మోంటానా వంటి చోట్ల గాఢంగా ఉంటుంది. వస్తువు వాడకంలోనే బతుకుతుందన్నది వీరి నమ్మకం.

ఈ పక్షం బలహీనత భద్రత. పేలుడు క్షణంలో తూటాను వెనకనుంచి పట్టి ఉంచే తలుపుకూ తూటా అడుగుకూ మధ్య ఉండాల్సిన ఖాళీకి ఒక కొలత ఉంటుంది. దాన్నే హెడ్‌స్పేస్ అంటారు. లింకులో దిమ్మెలో అరిగితే ఆ ఖాళీ పెరిగి తొడుగు చీలవచ్చు, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి రావచ్చు. కంటికి కనిపించే లోపం కాదిది, కొలత గేజీలతోనే తెలుస్తుంది. 1873 మోడల్ లింకులు నల్ల మందు పీడనానికి తగినవి. అదే .44-40 తూటాను బలమైన 1892 మోడల్ కోసం ఎక్కువ పీడనంతో తయారుచేసినప్పుడు, పాత మోడల్‌లో వాడవద్దని ఆనాటి పెట్టెల మీదే హెచ్చరించాల్సి వచ్చింది. గొట్టంలోకి తూటా పడుతుంది గనక పేలుతుందిలే అనుకోవడం ప్రాణాంతకం. కాల్చబోయే పాత రైఫిల్‌ను అర్హత ఉన్న గన్‌స్మిత్ ఒకసారి కొలిచి చూడాలి. ఈ ఒక్క విషయంలో ఇంటి పనికి మినహాయింపు ఇవ్వలేం.

పాతదాన్నే కాల్చాలన్న ఒత్తిడి ఇప్పుడు తగ్గింది కూడా. ఇటలీలో 1959లో మొదలైన ఉబెర్తి సంస్థ హెన్రీ, 1866, 1873 నమూనాలను కొత్త ఉక్కుతో తయారుచేస్తోంది. వించెస్టర్ పేరుతోనే జపాన్‌లోని మిరోకు సంస్థ పాత మోడళ్లను మళ్లీ తెచ్చింది. కౌబాయ్ తరహా షూటింగ్ పోటీల్లో ఎక్కువమంది వాడేది ఇలాంటివే. అరుదైన అసలు రైఫిల్‌ను విప్పి గొట్టం మార్చడానికి ‘లేకపోతే కాల్చడమెలా’ అన్న సాకు ఇక చెల్లదు. సాధారణ 1894 విషయం వేరు. లక్షల్లో ఉన్న వస్తువుకు అరుదైనదాని నియమాలు అంటగట్టడం కూడా అతే.

బల్ల మీద ఏం జరుగుతుంది

సిద్ధాంతాలన్నీ చివరికి లోహాన్ని, కొయ్యను తాకే చోటుకు రావాలి. ఇక్కడ మూడు పక్షాల మధ్య పైకి కనిపించేదానికంటే ఎక్కువ ఏకాభిప్రాయం ఉంది.

తుప్పు సంగతే తీసుకుందాం. ఎర్రగా పొడిపొడిగా రాలే తుప్పు బతికే ఉంది, ఇంకా లోహాన్ని తింటోంది. ముదురు గోధుమరంగులో నునుపుగా గట్టిపడిన పొర చాలావరకు నిలకడగా ఉంటుంది. మొదటిదాన్ని ఆపాలని అందరూ ఒప్పుకుంటారు. రెండోదాన్ని తీయాలా వద్దా అన్నచోటే విడిపోతారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమి తళతళలాడించడం ఎంత సహజమో, పాత ఇనుమును చూస్తే ఉప్పుకాగితం అందుకోవడమూ అంత సహజం. కానీ బిందె మీద వందేళ్ల నాటి అక్షరాలూ, కర్మాగారపు సానరాతి గీతలూ ఉండవు.

నూనె, మెత్తటి ఉక్కు పీచు, ఓపిక — ఇవి మొదటి మెట్టు. తర్వాతిది మరిగే నీళ్లు. తుప్పు పట్టిన భాగాన్ని నూనె జిడ్డు లేకుండా కడిగి శుద్ధమైన నీళ్లలో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. దాన్ని మెత్తగా తుడిస్తే తుప్పు తగ్గి, మిగిలిన నల్ల పొర లోహాన్ని కాపాడుతుంది. పాత గొట్టాలకు నీలినలుపు పూత పట్టించిన పద్ధతికీ రసాయనసూత్రం ఇదే. కావాలని సన్నగా తుప్పు పట్టించి, మరిగించి, తుడిచి, మళ్లీ మొదలుపెట్టేవారు. అందుకే అసలు పూత కొద్దిగానైనా మిగిలిన రైఫిల్‌కు ఈ పద్ధతి అతి తక్కువ హాని చేస్తుంది. మూడు పక్షాలూ దీన్ని ఒప్పుకోవడం గత కొన్నేళ్లలో జరిగిన మంచి పరిణామం. చివర్లో పూసే సూక్ష్మస్ఫటిక మైనం బ్రిటిష్ మ్యూజియం పరిశోధనల నుంచి వచ్చింది. అది ఇప్పుడు ఇంటి బల్లల మీదా కనిపిస్తోంది.

ఆమ్లం, ఇసుక ఊదడం, బఫింగ్ చక్రం మాత్రం వెనక్కి తీసుకోలేని పనులు. ఇసుక ఊదిన ఉపరితలం నుంచి కర్మాగారపు గీతలు శాశ్వతంగా పోతాయి. చక్రం కింద రిసీవర్ చదును అలలు తేలుతుంది, మరల రంధ్రాల అంచులు గిన్నెల్లా జారుతాయి. గుంటలను వెల్డింగ్‌తో నింపితే చుట్టూ ఉన్న లోహం వేడికి మెత్తబడవచ్చు. తాళం వేసే భాగాల దగ్గర అది భద్రతా సమస్య. సీసాలోంచి గుడ్డతో రాసే చల్లటి పూత చిన్న గీతలకు సరిపోతుంది గానీ మొత్తానికి రాస్తే మచ్చలు మచ్చలుగా తేలి కొన్నాళ్లకు రంగు మారుతుంది. 1964 తర్వాత తయారైన 1894 మోడళ్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. వాటి రిసీవర్ లోహం మామూలు వేడి తొట్టెలో రంగు సరిగా పట్టదు, కర్మాగారం అప్పట్లో వేరే పద్ధతి వాడింది. ఇంట్లో గీకేశాక ఈ సంగతి తెలిసిన వారు చాలామందే ఉంటారు.

కొయ్య విషయంలో సాధారణంగా అతి చేసేది సానపట్టడంలోనే. అక్రోటు కొయ్య పిడి కర్మాగారంలో లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేలా అమర్చేవారు. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దితే కొయ్య లోహం కిందికి దిగిపోయి, అంచు గోరుకు తగులుతుంది. ఆ తేడాను ఇక ఎవరూ సరిచేయలేరు. సొట్టలను తడిగుడ్డ, ఇస్త్రీపెట్టె ఆవిరితో పైకి తేవచ్చు. నూనె పీల్చి మెత్తబడిన చోట్ల నూనెను సుద్దపొడితో లాగవచ్చు. చీలికను పగులులోకి జారే పల్చని జిగురుతో లోపలినుంచి కట్టవచ్చు. అవిసె నూనె మళ్లీ పట్టించవచ్చు. మరల తలలు చితికితే పారేయకూడదు. వించెస్టర్ మరల చుట్లు బజారులో దొరికే మరలకు సరిపోవు. బాగా చేయి తిరిగినవారు చితికిన తలను మెల్లగా కొట్టి లోపలికి నెట్టి, ఆకురాయితో సవరించి పాతదాన్నే నిలబెడతారు. ఆ ఒక్క పని చూస్తే చాలు పనివాడెవరో తెలుస్తుంది.

గొట్టం లోపలి గుంటలకు ఇంట్లో మందు లేదు. లోపల రంధ్రం పెద్దది చేసి, గాడులున్న సన్నని కొత్త గొట్టాన్ని అమర్చే పద్ధతి ఉంది. బయటి అక్షరాలు, పూత చెక్కుచెదరవు గనక మొత్తం గొట్టం మార్చడంకంటే ఇది మేలని కాల్చేవారు, పునరుద్ధరణకారులు అంటారు. లోపలి అసలు గాడులు శాశ్వతంగా పోయాయని పరిరక్షకులు గుర్తుచేస్తారు. రెండు మాటలూ నిజమే.

చట్టం గీసే గీత

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లోగానీ అంతకుముందుగానీ తయారైనవి పురాతన ఆయుధాల కిందికి వస్తాయి. అందువల్ల 1894 మోడల్ రైఫిళ్లలో కొన్ని ఈ గీతకు అటు, ఎక్కువభాగం ఇటు ఉంటాయి. తేల్చేది సీరియల్ నంబరే. ఆ నంబరును చెరపడం, మార్చడం నేరం, కాబట్టి దాని మీద గట్టిగా పాలిష్ పట్టడం చరిత్రకే కాదు, యజమానికీ చేటు. సొంత రైఫిల్‌ను సొంతంగా మరమ్మతు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, ఇతరులవి వ్యాపారంగా చేస్తే కావాలి. రాష్ట్రాల నియమాలు వేర్వేరు. అక్కడ హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న తెలుగువారికి వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ కలిగి ఉండటమే నిషేధం. గ్యారేజీ సేల్‌లో దొరికిన వించెస్టర్‌ను ముచ్చటపడి కొనేముందు ఇది తెలిసి ఉండాలి.

మన దేశంలో లెక్క పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం తయారీతోపాటు మరమ్మతునూ, మార్పునూ లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. వారసత్వంగా వచ్చిన రైఫిల్‌ను ఇంట్లో విప్పి బాగుచేయడం ఇక్కడ అభిరుచి కాదు, నేరం. లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికే వెళ్లాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధశాల వంటి చోట్ల మాత్రం ఈ వాదంలోని మొదటి పక్షం, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం, మనకూ పూర్తిగా వర్తిస్తుంది.

ఇంకా తేలనివి

వాదం సద్దుమణిగిన చోట్లు గుర్తించాలి. ప్రాణమున్న తుప్పును ఆపాలి. భద్రత కొలవకుండా కాల్చకూడదు. అసలు పూత మిగిలి ఉంటే దాన్ని గీకకూడదు. పాత వాడుకదారు చేసిన మరమ్మతును ఊడదీయకూడదు. అరుదైనదానికీ లక్షల్లో ఉన్నదానికీ ఒకే నియమం పెట్టకూడదు. వీటిమీద ఇవాళ గంభీరంగా పోట్లాడేవారు తక్కువ.

తేలనిది మధ్య గుంపు: పూత పోయి, గుంటలు పడి, కానీ ఎవరి చేతిలోనూ ధ్వంసం కాని రైఫిల్. అందులో సాక్ష్యం ఉంది, అందం లేదు, కాల్చే బలమూ లేదు. కుటుంబ వస్తువైతే చిక్కు ఇంకా పెరుగుతుంది. తాత చేతిలో ఉన్నప్పటి మెరుపును తిరిగి చూడాలన్న మనవరాలి కోరికను మార్కెట్ విలువ పేరు చెప్పి కాదనే హక్కు ఎవరికీ లేదు. తాత అరచేయి అరగదీసిన చోటును చెరపకుండా ఆ కోరిక తీరుతుందా అన్నది మాత్రం ఆమెను ఎవరైనా అడగాలి. సాధారణంగా ఎవరూ అడగరు, పని ముగిశాక తెలుస్తుంది.

రెండో తేలని విషయం నమోదు. కోడీలోని రికార్డులు చాలా వించెస్టర్ల విషయంలో రైఫిల్ కర్మాగారం నుంచి ఎలా బయటికి వెళ్లిందో చెబుతాయి. ఆ తర్వాత ఎవరు ఏం మార్చారో చెప్పే పుస్తకం ఎక్కడా లేదు. గొట్టం లోపలిది మారిస్తే కొయ్య కింద కనిపించని చోట గుర్తు కొట్టాలని కొందరు, అది కూడా వస్తువును గాయపరచడమేనని మరికొందరు అంటారు. గుర్తు కొట్టాలనేవారి వైపే నేను. ఇంటి పనివాడికి అంతకంటే సులువైన దారి కూడా ఉంది. విప్పకముందు ప్రతి వైపునుంచి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. వాడిన రసాయనం, మార్చిన భాగం, తేదీ ఒక కాగితం మీద రాయాలి. తీసేసిన విరిగిన స్ప్రింగ్, అరిగిన ఫైరింగ్ పిన్, చితికిన మర ఒక సంచిలో వేసి రైఫిల్‌తోపాటే ఉంచాలి, అమ్మినప్పుడు కాగితంతో సహా కొనేవాడి చేతికి ఇవ్వాలి.